కదలని చుక్క

బందరు పక్కన మా గిలకలదిండిలో బోటెక్కే మనిషిని ఎప్పుడొస్తావని అడగరు. వెనక నుంచి పిలవరు. అన్నం క్యారేజీ చేతికిచ్చి ఇంట్లోకి వచ్చేయాలి. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నేర్పిన మొదటి సంగతి అదే. అడిగితే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే నాకు భయం ఎక్కువైంది. మా ఆయన బోటు డ్రైవరు. వేటకు వెళ్తే వారం పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అన్నేళ్ళూ ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఆయన వెళ్ళాక బియ్యంలో రాళ్ళు ఏరుతున్నా, ఎండుచేపలు తిరగేస్తున్నా, చెవి మాత్రం గాలి మీదే ఉండేది.

నేను పుట్టింది దివిసీమలో. ఉప్పెన వచ్చినప్పుడు చంటిపిల్లను కాబట్టి నాకేమీ గుర్తులేదు. మా అమ్మకు మాత్రం అన్నీ గుర్తే. ఆకాశం మబ్బేస్తే చాలు, ఆవిడ మమ్మల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచేది. పలికేదాకా ఊరుకునేది కాదు. పక్కనే కూర్చుని ఉన్నా పలకాల్సిందే. చిన్నప్పుడు అది మాకు నవ్వులాట. పెళ్ళయ్యాక నవ్వు పోయింది.

హార్బరులో ఐసు ఫ్యాక్టరీని ఆనుకుని బోటు యజమానుల సంఘం గది ఉంది. నేను అక్కడ ఊడ్చి, తుడిచి, టీలు పెట్టేదాన్ని. ఆ మధ్య బోట్లన్నిటికీ ఒక చిన్న పెట్టె బిగించారు. బోటు ఎక్కడుందో అది ఆకాశానికి చెబుతుందట, ఆకాశం మళ్ళీ మనకు చెబుతుందట. యజమానులు తమ ఫోన్లలో చూసుకుంటారు. బోట్లలో కూలికెళ్ళే కలాసీల ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఆ వీలు లేదు. అందుకని సంఘం పెద్దలు గదిలో ఒక కంప్యూటరు పెట్టించారు. తెర మీద సముద్రమంతా నీలంగా ఉంటుంది. ఒక్కో బోటు ఒక్కో పచ్చ చుక్క. చుక్క కింద బోటు నంబరు, ఆ చుక్క నుంచి చివరిసారి కబురొచ్చిన టైము. ఎవరైనా వచ్చి తమవాళ్ళు ఎక్కడున్నారో చూసుకోవచ్చు.

చూపించడానికి ఒక మనిషి కావాలి కదా. నేను అక్షరాలు నేర్చుకుని అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. అంగన్‌వాడీలో పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక వాళ్ళ చాపల మీద మేం కూర్చునేవాళ్ళం, పెద్ద వయసు ఆడవాళ్ళం. అక్కడ నేర్చుకున్నది మర్నాడు హార్బరులో బోట్ల మీద చదివి సరిచూసుకునేదాన్ని. నేను అలా గొణుక్కుంటూ నిలబడటం సంఘం సెక్రటరీ గారు చూశారు.

"నంబర్లు చదవడం వచ్చుగా అక్కా, ఆ టీ గిన్నె పక్కన పెట్టి ఈ కుర్చీలో కూర్చో" అన్నారు.

అలా కూర్చున్నాను. పొద్దున్నే వేలంపాట అయిపోయాక చేపల తడి ఆరని చేతులతో ఆడవాళ్ళు వచ్చేవారు. "పిన్నీ, మాదెక్కడుందే?" "అత్తా, మా చుక్క చూపించు." చూపించేదాన్ని. కొందరు వేలితో ముట్టుకునేవారు. వాళ్ళు వెళ్ళాక అద్దం తుడిచేదాన్ని. మా ఆయన చుక్కను మొదటిసారి చూసిన రోజు నేనూ వేలితో ముట్టుకున్నాను. ఎవరినీ ఏమీ అడగకుండానే నాకు జవాబు దొరికింది. అపశకునం కూడా కాదు. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

ఆ కంప్యూటరు మొదటిసారి ఆగిపోయిన రోజు నాకు తెలియనే లేదు. భయమంతా అక్కడే ఉంది. ఫ్యాను ఆగితే రెక్కలు కనపడతాయి. రేడియో ఆగితే చప్పుడుండదు. తెర ఆగితే ఆగినట్టు కనపడదు. సముద్రం అలాగే నీలంగా ఉంటుంది, చుక్కలు అలాగే పచ్చగా ఉంటాయి. పైగా చుక్కలు పరుగులు పెట్టేవి కావు, చీమకన్నా నెమ్మది. ఆ రోజు పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళందరికీ చూపించాను. "ఇదిగో, ఇక్కడే ఉన్నారు, క్షేమం" అని చెప్పాను. మధ్యాహ్నం అన్నం తినడానికి లేవబోతూ తెర మూల చూశాను. అక్కడి గడియారం ఇంకా వేలంపాట వేళ చూపిస్తోంది.

అంటే అన్ని గంటల సేపు నేను చూపించింది ఎప్పటిదో బొమ్మ. ఆ గంటల్లో సముద్రంలో ఏం జరిగినా మాకు తెలియదు. సెక్రటరీ గారు వచ్చి మీట నొక్కి పట్టుకుని ఆపి మళ్ళీ వేశారు. చుక్కలు కొత్త చోట్ల వచ్చాయి. అన్నీ ఉన్నాయి. నేను ఒక్కొక్క నంబరే పైకి చదువుతూ పోయాను.

"ఏం కాలేదక్కా, హ్యాంగ్ అయింది. కంప్యూటర్లన్నాక అవుతుంటాయి" అన్నారాయన.

అయితే అది అయినప్పుడల్లా నాకు ఏదో ఒకటి పోగొట్టుకున్నట్టు ఉండేది. ఒక రోజు పొద్దున్నే ఆగేది. ఇంకో రోజు సాయంత్రం దాకా బాగుండి, నేను తాళం వేసే వేళకు ఆగేది. ఒక పద్ధతి లేదు. పద్ధతి ఉంటే భయం ఎప్పుడు పడాలో తెలిసేది. నేను చుక్కల్ని చూడటం మానేసి గడియారాన్ని చూడటం మొదలుపెట్టాను. అంకె మారితే ఊపిరి పీల్చేదాన్ని.

ముందు అందరూ కరెంటును అనుమానించారు. పక్కన ఐసు ఫ్యాక్టరీలో పెద్ద మోటారు వేస్తే మా గదిలో లైటు ఒక్కసారి గుడ్డిదయ్యేది. దాని వల్లేనని సెక్రటరీ గారు యూపీఎస్ తెప్పించారు. లైటు గుడ్డిదైనా కంప్యూటరు అదరడం మానేసింది. హ్యాంగ్ అవడం మాత్రం మానలేదు. వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టారు. ప్లగ్గు బోర్డు మార్చారు. మౌసు మార్చారు. ఒక ముసలమ్మ వచ్చి, ఇంతమంది కళ్ళు పడితే రాయయినా పగులుద్దని, గుప్పెడు కల్లుప్పు తీసి మానిటరు చుట్టూ తిప్పబోయింది.

"అమ్మా, అది ఉప్పుగాలికే చస్తోంది. నువ్వు మళ్ళీ ఉప్పు తిప్పుతావా!" అని సెక్రటరీ గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"నీ కంప్యూటరుకు తిప్పట్లేదురా అబ్బాయ్, అందులో ఉన్న మావాళ్ళకు తిప్పుతున్నా" అందావిడ. ఆయన చెయ్యి వదిలేశారు.

బందరు నుంచి ఒక మెకానిక్కును పిలిపించాం. అతను వచ్చినంతసేపూ అది బంగారంలా పని చేసింది. అతను టీ తాగాడు, పేపరు చదివాడు, ఇంకో టీ తాగాడు. గడియారంలో అంకెలు చక్కగా మారుతూనే ఉన్నాయి.

"బాగానే ఉందిగా పిన్నిగారూ. మీరే ఏదో నొక్కుతున్నట్టున్నారు."

"నేనసలు ముట్టుకోను బాబూ. చూస్తానంతే."

"చూస్తే హ్యాంగ్ అవదండీ" అని నవ్వి వెళ్ళాడు. అతని బండి చప్పుడు ఇంకా వినపడుతుండగానే గడియారం ఆగింది. నేను బయటకు పరుగెత్తి కేకేశాను. వినపడలేదు. అతను ఇంకోసారి వచ్చి, పెట్టె విప్పకుండానే లోపలి ప్రోగ్రాములన్నీ చెరిపేసి కొత్తగా ఎక్కించాడు. అదయ్యాక కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ ఆగింది. బోర్డు మొత్తం మార్చాలన్నాడు.

అప్పుడు సెక్రటరీ గారు, కొన్న షాపు గుడివాడలో ఉంది, అక్కడికే తీసుకెళ్దాం అన్నారు. ఆ రోజు ఆయనకు కలెక్టరాఫీసులో పని పడి, నన్నే వెళ్ళమన్నారు. మానిటరు అక్కర్లేదట, కింద ఉండే సీపీయూ పెట్టె చాలట. దాన్ని పాత చీరలో చుట్టి, నా చేపల గంపలో పెట్టుకున్నాను. బరువైనదేదైనా నాకు గంపలో తప్ప ఇంకోలా మోయడం రాదు. బస్సులో కండక్టరు నన్ను మెట్టు మీదే ఆపాడు.

"చేపల గంప లోపలికి వద్దమ్మా. పైన వేసుకో."

"చేపలు కావు బాబూ, కంప్యూటరు."

"కంప్యూటరా? ఇంత కంపు కొడతందేంటి?"

"గంప వాసన. పెట్టెకు లేదు."

వెనక సీట్లో పెద్దాయన, "రానివ్వవయ్యా, బందరు కంప్యూటరు గదా, ఆ మాత్రం వాసనుండాలి" అన్నాడు. బస్సంతా నవ్వారు. నేను గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వరిచేల మధ్య బస్సు ఎగిరిపడినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకునేదాన్ని. నవ్వుతూనే ఉన్నాను గానీ లోపల ఒకటే ఆలోచన. ఈ పెట్టె నా ఒళ్ళో ఉన్నంతసేపూ అక్కడ ఎవరూ ఏమీ చూడటం లేదు. మా ఆయన సముద్రంలో ఉన్నాడు.

షాపాయనకు యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నెత్తి మీదకు తోసుకుని పెట్టె పక్క రేకు విప్పాడు. లోపలికి చూశాడు. కళ్ళజోడు కిందకు దించుకుని మళ్ళీ చూశాడు.

"ఏమ్మా, దీనికి ఆయిల్ సర్వీసింగ్ చేసిందెవరు?"

లోపల చిన్న ఫ్యాను ఉంది. దాని రెక్కలకీ, కింద ఉన్న రేకులకీ నల్లగా జిగురు పట్టి, అందులో దుమ్మూ, దారప్పోగులూ, ఒక చేప పొలుసూ కూడా అంటుకుని ఉన్నాయి. నాకు వెంటనే అర్థమైంది.

"మా ఆయనండీ."

జరిగిందేమిటంటే, కంప్యూటరు ఆగడం మొదలుకాక ముందు, బోటు ఒడ్డునున్న రోజుల్లో మా ఆయన ఒకసారి గదికి వచ్చాడు. పెట్టె అంచున తుప్పు చుక్క చూశాడు. మా వాళ్ళ కంటికి తుప్పు కనపడితే ఊరుకోరు. ఉప్పుగాలికి ఇనుము నిలవాలంటే నూనె పట్టించాలి. ఇంజనుకైనా, గొలుసుకైనా, తలుపు గడియకైనా అదే వైద్యం. పాత గుడ్డను ఇంజనాయిల్లో ముంచి పెట్టెంతా ఒత్తి తుడిచాడు. వెనకున్న చిల్లుల్లోకి కూడా వేలితో గుడ్డ దోపి మరీ రాశాడు. గాలికి ఉప్పు లోపలికి పోకుండా ఆ చిల్లుల మీద పట్టా ముక్క కూడా కట్టిపోయాడు. అందరం మంచి పని చేశాడనే అనుకున్నాం. ఇంకో ఇద్దరు డ్రైవర్లు వచ్చి, బాగా పట్టించావు బావా అని మెచ్చుకుని వెళ్ళారు.

షాపాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్క షాపువాళ్ళను పిలిచి చూపించాడు. తర్వాత కుర్చీ జరుపుకుని నెమ్మదిగా చెప్పాడు.

"చూడమ్మా, ఈ ఫ్యాను పని లోపలి వేడి బయటకు తోయడం. నూనెకు దుమ్ము పట్టింది, ఫ్యాను బరువెక్కింది. చిల్లులేమో మూసేశారు. లోపల ఉడికిపోతోంది. ఉడికినప్పుడు ఆగిపోతోంది. చల్లారితే లేస్తోంది. ఇంకోటి కూడా ఉంది. రబ్బరుందా?"

నా సంచిలో ఉంది. బడికి వెళ్ళినప్పటి నుంచీ పెన్సిలూ రబ్బరూ సంచిలోంచి తీయలేదు. ఆయన లోపలి నుంచి వేలెడు పొడుగు బోర్డు ముక్క ఒకటి లాగి, దాని అంచున బంగారు రంగు గీతల మీద పట్టిన పచ్చటి మరకను నా రబ్బరుతో రుద్దాడు. ఉప్పు పట్టిన చోట కబురు అటూ ఇటూ పోదట. మరక పోయింది, గీతలు మెరిశాయి. ఫ్యాను విప్పి కడిగి, కొత్త పేస్టు పూసి బిగించాడు. సాయంత్రం దాకా ఆడించి చూశాడు. ఆగలేదు.

నేను లేవకుండా అలాగే కూర్చోవడం చూసి, ఇంకేంటమ్మా అన్నాడు.

"మళ్ళీ ఆగితే నాకెట్లా తెలుస్తుందండీ? ఆగింది కంప్యూటరో, బోటో?"

ఆయన నవ్వలేదు. నా ముందు కీబోర్డు పెట్టాడు. "ముందు గడియారం చూడు. తర్వాత మౌసు కదుపు, తెర మీద బాణం కదలాలి. మౌసును పూర్తిగా నమ్మొద్దు, అదీ చెడిపోవచ్చు. కుడి పక్క అంకెల పైన ఈ మీట ఉంది చూడు. నొక్కితే ఈ దీపం వెలగాలి, మళ్ళీ నొక్కితే ఆరాలి. అలా అయితే కంప్యూటరు బతికున్నట్టే. ఆఖరికి ఈ గుండ్రటి బాణం నొక్కితే పేజీ కొత్తగా వస్తుంది. చుక్క కింద టైము కొత్తదైతే, కబురు ఇప్పుడే వచ్చినట్టు."

మా ఆయన వేట నుంచి తిరిగి వచ్చిన రోజు ఈ కథ చెబితే ఆయన ఒప్పుకోలేదు. "ఇనుముకు నూనె రాస్తే పాడవడమేంటే? వాడెవడో గుడివాడోడు, వాడికి సముద్రం తెలుసా?" అన్నాడు. రెండు పూటలు ఆ షాపాయన్ని తిడుతూనే అన్నం తిన్నాడు. తర్వాత మళ్ళీ వేటకు వెళ్ళాడు.

ఆ తర్వాత కంప్యూటరు ఆగలేదు. ఎండలో ఆగలేదు, ఉక్కలో ఆగలేదు, ఐసు ఫ్యాక్టరీ మోటారు వేసినా ఆగలేదు. నేను రోజుకు ఎన్నోసార్లు ఆ మీట నొక్కి దీపం వెలగడం చూసుకునేదాన్ని. వెలిగితే ధైర్యం. ఆడవాళ్ళు వచ్చి, "పిన్నీ, ఇది ఇప్పటిదేనా, పొద్దుటిదా?" అని అడగడం కూడా మానేశారు. భయం పోయిందనుకున్నాను.

వాయుగుండం కబురు వచ్చిన రోజు పొద్దుట ఎండ బాగానే కాసింది. మైకులో చెప్పారు, వైర్‌లెస్‌లో చెప్పారు, బోట్లన్నీ వెనక్కి వచ్చేయాలని. మధ్యాహ్నానికి ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. చుక్కలు ఒకటొకటే తీరానికి జరుగుతుంటే గదిలో ఆడవాళ్ళు నా కుర్చీ వెనక గుంపుగా నిలబడి చూశారు. తమ చుక్క మొగ దాటి లోపలికి రాగానే ఒక్కొక్కరే పరుగెత్తుకుని రేవుకు వెళ్ళిపోయారు. మొగ అంటే మా ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఇసుక మేట వేసింది. పోటు మీద తప్ప పెద్ద బోటు లోపలికి రావడం కుదరదు. చివరకు గది ఖాళీ అయింది. హార్బరులో చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి ఉన్నాయి. సముద్రంలో ఒక్కటే మిగిలింది. నంబరు చదవాల్సిన పని లేదు.

అది దివిసీమ కొన కింద ఉంది. చాలా దూరం. కానీ కదులుతోంది కాబట్టి నేను కుర్చీ అంచున కూర్చుని దాన్ని లాగుతున్నట్టు చూస్తున్నాను. కొంతసేపటికి అది కదలడం లేదనిపించింది. నా కళ్ళేమోననుకుని మానిటరు అద్దం మీద పెన్సిలుతో సన్నగా గీత గీసి, చుక్క ఆ గీత దాటుతుందేమోనని చూశాను. దాటలేదు.

సెక్రటరీ గారు అప్పుడే తడిసి లోపలికి వచ్చారు. "మళ్ళీ హ్యాంగ్ అయిందేమో అక్కా. కంగారు పడకు" అన్నారు.

ఆ మాట వినగానే నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అవును, హ్యాంగ్ అయింది. అంతే అయి ఉంటుంది. అన్ని నెలలు ఏది జరగకూడదని భయపడ్డానో, ఇప్పుడు అదే జరిగి ఉండాలని మొక్కుకున్నాను. తల్లీ, ఆగిపోయి ఉండు. ఉడికిపోయి ఉండు. ఎంత నూనె రాయమన్నా రాస్తాను.

గడియారం చూశాను. చూస్తుండగానే అంకె మారింది.

మౌసు కదిపాను. బాణం కదిలింది.

మౌసును పూర్తిగా నమ్మొద్దన్నాడు కదా. కుడి పక్క మీట మీద వేలు పెట్టి చాలాసేపు నొక్కలేదు. నొక్కకపోతే ఇంకా తెలియనట్టే కదా అనుకున్నాను. సెక్రటరీ గారు తల తుడుచుకోవడం ఆపి నన్ను చూస్తున్నారు. నొక్కాను. దీపం ఆరింది. మళ్ళీ నొక్కాను. వెలిగింది. అంత చిన్న దీపం అంత స్పష్టంగా వెలగడం నాకు అంతకుముందెప్పుడూ అంత కష్టంగా అనిపించలేదు.

"నెట్ పోయిందేమో, పేజీ కొట్టి చూడండి" అన్నాను.

ఆయన గుండ్రటి బాణం నొక్కారు. నీలం పోయి తెల్లగా అయింది, మళ్ళీ నీలం వచ్చింది. చుక్క అక్కడే ఉంది. కింద టైము చదివాను. ఇప్పటిదే. కంప్యూటరు బతికే ఉంది. బోటు మీది పెట్టె బతికే ఉంది. ఆగింది బోటు.

సెక్రటరీ గారు తల తుడుచుకుంటున్న గుడ్డ పక్కన పడేశారు. వైర్‌లెస్ సెట్టు దగ్గరికి వెళ్ళి బోటు నంబరు పిలవడం మొదలుపెట్టారు. అంత దూరం అందదు. అయినా పిలిచారు. తర్వాత సముద్రం కాపలా వాళ్ళకు ఫోను చేశారు. వాళ్ళు నంబరు రాసుకున్నారు, చుట్టుపక్కల బోట్లకు చెబుతామన్నారు. మళ్ళీ సెట్టు పట్టుకున్నారు. చాలాసేపటి తర్వాత గరగరలో ఒక గొంతు పలికింది. దివిసీమ వైపు బోటు. వాళ్ళూ తమ రేవుకు పారిపోతున్నారు. మా తెర మీద వాళ్ళ చుక్క ఉండదు.

"విన్నాను బాబాయ్. మీవాడితో మాట్లాడా. గేరుబాక్సు పోయిందంట. లంగరేశాడు. అడుగున నీళ్ళొస్తన్నాయి, బకెట్లతో తోడుతున్నారంట."

"నువ్వు దగ్గరలో ఉన్నావా?"

"దాటొచ్చేశా. తిరగాలంటే గాలికి ఎదురెళ్ళాలి." గరగర. అతని బోటులోనూ మనుషులున్నారు. అతని ఇంట్లోనూ ఒకామె ఉండి ఉంటుంది. తిరగమని అడిగే హక్కు నాకు లేదు, వద్దనే శక్తీ లేదు. సెక్రటరీ గారు కూడా అడగలేదు. ఆ గొంతే మళ్ళీ పలికింది.

"తిరుగుతున్నాలే బాబాయ్. వాడి పెళ్ళాం అక్కడుంటే ఏడవొద్దని చెప్పు. ఏడుపు నా సెట్టులో వినపడితే నాకు స్టీరింగు తిరగదు."

నేను ఏడవడం లేదు. పెన్సిలు గీతను చూస్తున్నాను.

తర్వాతి సంగతులు నాకు వరసగా గుర్తులేవు. గది తలుపు గాలికి కొట్టుకుంటుంటే ఎవరో వచ్చి ఐసు దిమ్మల చెక్క అడ్డం పెట్టారు. రేవుకు వెళ్ళిన ఆడవాళ్ళు కొందరు తిరిగి వచ్చి నా వెనక నిలబడ్డారు. వాళ్ళ మగవాళ్ళు ఒడ్డున ఉన్నారు కాబట్టి వాళ్ళు నాతో ఏమీ మాట్లాడలేకపోయారు. ఒకామె నా భుజం మీద చెయ్యి వేసి తీయడం మర్చిపోయింది.

చుక్క కదిలింది. గీతకు అవతలి పక్కకు, తూర్పుకు, సముద్రంలోకి కదిలింది. కదలకపోతే భయమనుకున్నాను గానీ, కదిలితే ఇంత భయమని తెలియదు. లంగరు తెగి కొట్టుకుపోతున్నాడా? వెనక ఎవరో "అయ్యో" అని నోరు నొక్కుకున్నారు. వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ లేదు. ఇంకోసారి టైము మారింది. ఇంకా తూర్పుకే. ఆ తర్వాత చుక్క ఉత్తరంగా వంగింది. ఆ తర్వాత కాస్త ఇటు. తాడు కట్టి లాగుతున్న బోటు కెరటానికి అడ్డంగా తిరగకూడదట, అందుకని చుట్టు తిప్పి తెస్తున్నాడట. అది మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒక పచ్చ చుక్క దారి వెతుక్కుంటున్నట్టు ఉంది. గీత మీదకు వచ్చింది. గీత దాటి ఇటు వచ్చింది. సెక్రటరీ గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

పొద్దుగుంకే వేళకు చుక్క మా మొగ బయటకు వచ్చి ఆగింది. మధ్యాహ్నపు పోటు తీసేసింది, మళ్ళీ పోటు వచ్చేదాకా ఇసుక మేట దాటడానికి లేదు. అందరూ నన్ను రేవుకు రమ్మన్నారు. నేను కదల్లేదు. నేను చూడటం మానేస్తే అది అక్కడే మునిగిపోతుందని గట్టిగా అనిపించింది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. కళ్ళు మండుతున్నా రెప్ప వేయకుండా కూర్చున్నాను. చుక్క కింద టైము మాత్రం మారడం లేదు. గడియారం నడుస్తోంది. దీపం వెలుగుతోంది. పేజీ కొత్తగా తెచ్చాను. పాత టైమే. అంటే ఈసారి పలకనిది బోటు మీది పెట్టె. నీళ్ళు అంతదాకా వచ్చాయా? అది ఎంత ఎత్తున బిగించి ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నా నడుము ఎత్తు? ఇంకా పైనా?

"ఏంటే, నేనిక్కడుంటే అక్కడ చూస్తావేంటి?"

తలుపు దగ్గర మా ఆయన. చొక్కా లేదు, ఒంటి నిండా నల్ల నూనె, ఒక చేతికి గుడ్డ చుట్టి ఉంది. చిన్న ఫైబరు పడవ వెళ్ళి మొగ బయట నుంచి మనుషుల్ని ముందే తెచ్చేసిందట. నాకు చెప్పడానికి ఎవరూ పరుగెత్తుకు రాలేదు, ఆయనే ముందు నడిచి వచ్చాడు. నేను ఆయన్ని చూశాను. వెనక్కి తిరిగి తెర చూశాను. చుక్క మొగ బయటే ఉంది. మళ్ళీ ఆయన్ని చూశాను. ఇద్దర్లో ఎవరిని నమ్మాలో నిజంగానే తెలియలేదు.

"టీ ఉందా?" అన్నాడాయన.

పోటు వచ్చాక బోటును లోపలికి లాక్కొచ్చి రిపేరు యార్డులో ఒడ్డెక్కించారు. గేరుబాక్సు విప్పారు. అడుగు చెక్కలు మార్చడం మొదలుపెట్టారు. మా ఆయన పగలంతా ఆ యార్డులోనే ఉండేవాడు. బోటు మీది పెట్టె ఉప్పునీళ్ళు తాగి చచ్చిపోయింది. దాని చివరి కబురు మొగ బయటి నుంచి వచ్చిందే. కాబట్టి మా ఆయన ఒడ్డున ఉన్నాడు, బోటు ఒడ్డున ఉంది, ఆ చుక్క మాత్రం సముద్రంలోనే ఉండిపోయింది. నేను పొద్దున్నే కంప్యూటరు వేయగానే ముందు కనపడేది అదే.

ఆ చుక్క తీసేయమని సెక్రటరీ గారిని అడిగాను. "మన చేతిలో లేదక్కా, కొత్త పెట్టె బిగిస్తే గానీ జరగదు" అన్నారు. ఆడవాళ్ళు వచ్చి, "పిన్నీ, మీ ఆయన ఇంకా వేటలోనే ఉన్నాడే!" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. వాళ్ళు వెళ్ళాక ఫోను తీసి ఆయనకు చేసేదాన్ని.

"ఏంటే?" అనేవాడు.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఎందుకు చేశావ్?"

ఆయన వెనక యార్డులో చెక్క మీద సుత్తి పడే చప్పుడు వినపడేదాకా ఫోను చెవి నుంచి తీసేదాన్ని కాదు.